కుంచించుకుపోయే బంగారం పంటికి ఎలా సరిపోతుంది

కరిగిన బంగారు మిశ్రలోహం గట్టిపడి చల్లారేసరికి సుమారు 1.4 శాతం కుంచించుకుపోతుంది. దవడ పన్ను వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు. పంటి కొలతకు సరిగ్గా సరిపోయే అచ్చులో పోత పోస్తే, పంటి మీద కప్పడానికి చేతికొచ్చే తొడుగు (క్రౌన్) వెడల్పులో 0.14 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది. అంటే ఇంచుమించు రెండు వెంట్రుకల మందం. తేడా ఇంత స్వల్పమైనా దాని ఫలితం స్వల్పం కాదు. తొడుగు కోసం చెక్కిన పన్ను పైకి పోయేకొద్దీ కొద్దిగా సన్నబడుతుంది. ఒక్కో గోడ వాలు ఆరు డిగ్రీలు ఉందనుకుని లెక్క వేస్తే, ఈ కాస్త బిగువుకే తొడుగు తన చోటికి చేరకుండా అర మిల్లీమీటరుకు మించిన ఎత్తులో ఆగిపోతుంది. ఆ మేరకు చిగురు దగ్గర పంటి అంచు తెరుచుకునే ఉంటుంది. నోటిలోని బ్యాక్టీరియా పరిమాణం ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటికి 500 మైక్రాన్ల సందు అంటే పెద్ద ద్వారమే. పైన బంగారం చెక్కుచెదరకుండా మెరుస్తూనే ఉంటుంది, కింద పన్ను పుచ్చిపోతుంది.

బంగారు పన్ను అనగానే అందరి చూపూ మెరుపు మీదికీ ఖరీదు మీదికీ పోతుంది. దంతవైద్యంలో దానికి దక్కిన గౌరవానికి అసలు కారణం ఆ అంచు. సందు 120 మైక్రాన్ల వరకు ఉంటే తొడుగు నోటిలో మనగలుగుతుందని 1971లో మెక్‌లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన పరిమితిని నేటికీ ప్రమాణంగా చెబుతుంటారు. చేయి తిరిగిన వారు పోసిన బంగారు తొడుగు అంచు అందులో మూడో వంతుకు కూడా దిగుతుంది. పోసిన లోహం తప్పక కుంచించుకుపోతుంది కదా, మరి అంత కచ్చితత్వం ఎలా సాధ్యమైంది? ఈ పనిలో పదార్థాలన్నీ కొలత మారేవే. ముద్ర తీసే రబ్బరు, గట్టిపడే రాయి, మైనం, అచ్చు, చివరికి లోహం, ఏ ఒక్కటీ ఉన్న కొలతలో ఉండదు. ఆ మార్పులను ఆపడం ఎవరి తరమూ కాదు. కుంచించుకునే దానికి ఎదురుగా వ్యాకోచించే దాన్ని నిలబెట్టి, రెండింటి లెక్కా చివరికి సున్నాకు తేవడమే ఇక్కడి విద్య.

విగ్రహాల నుంచి పంటి దాకా

మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి మెత్తి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి వేల ఏళ్ల నాటిది. మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మ అలా పోసినదే. అంత పాత విద్య పంటి దగ్గరికి రావడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? విగ్రహం నూటికి ఒక వంతు చిన్నదైతే ఎవరికీ పట్టదు. అది మరో వస్తువు మీద ఇమడాల్సిన పని లేదు. పంటి తొడుగు మాత్రం బతికున్న ఒక అవయవం మీద, వెంట్రుక మందం కూడా తేడా లేకుండా కూర్చోవాలి.

అందుకే అంతకు ముందు బంగారాన్ని నోటిలో వాడినవారు పోత జోలికి పోలేదు. ఇటలీలోని ఎట్రస్కన్లు రెండున్నర వేల ఏళ్ల కిందటే పళ్లను బంగారు పట్టీలతో కట్టారు. అవి రేకును వంచి చేసినవి. 1855లో అమెరికా దంతవైద్యుడు రాబర్ట్ ఆర్థర్, శుభ్రమైన బంగారు రేకును వేడి చేసి నొక్కితే పొరలు చల్లగానే ఒకదానికొకటి అతుక్కుంటాయని చూపాక, పుచ్చు గుంతలో రేకు ముక్కలను చిన్న సుత్తితో కొట్టి నింపడం వ్యాపించింది. పన్నంతా కప్పాల్సి వచ్చినప్పుడు రేకును పట్టీగా చుట్టి, పైన అచ్చుకొట్టిన మూతను అతికేవారు. పంటి మెడ గుండ్రంగా ఉండదు, చుట్టిన పట్టీ దానికి సరిపోదు. చిగురులోకి గుచ్చుకునే ఆ అంచుల చుట్టూ వాపూ చీమూ చేరేవి.

1897లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బి.ఎఫ్. ఫిల్‌బ్రూక్ అనే దంతవైద్యుడు మైనపు నమూనాతో బంగారాన్ని పోసి పంటి గుంతకు అమర్చే పద్ధతిని వివరించాడు. ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత, 1907 జనవరిలో, షికాగోకు చెందిన విలియం టాగర్ట్ న్యూయార్క్‌లో అదే సూత్రాన్ని ఒక యంత్రంతో సహా ప్రదర్శించాడు. కరిగిన బంగారాన్ని వాయువు ఒత్తిడితో అచ్చులోకి నెట్టే ఆ యంత్రం దంతవైద్య రంగాన్ని కుదిపేసింది. టాగర్ట్ పేటెంట్ తీసుకున్నాడు గానీ, ఫిల్‌బ్రూక్ ముందే చేసిన పని బయటపడటంతో అది కోర్టులో నిలవలేదు. పద్ధతి అందరిదైంది.

నిజానికి టాగర్ట్ ప్రదర్శించింది సగం పరిష్కారమే. పోత వస్తోంది, కొలత రావడం లేదు. ఆ తర్వాతి పాతికేళ్ల పరిశోధనంతా కుంచించుకుపోవడం మీదే సాగింది. మైనాన్ని వేడి చేసి ఉబ్బిన స్థితిలో అచ్చు పోద్దామన్నారు కొందరు. అచ్చునే వేడితో వ్యాకోచింపజేద్దామన్నారు ఇంకొందరు. 1932లో కార్ల్ షూ, గట్టిపడుతున్న అచ్చుకు నీరు తగిలితే అది మరింత ఉబ్బుతుందన్న విషయాన్ని పనిలోకి తెచ్చాడు. ఈ మూడు ఆలోచనల కలగలుపే నేటి పద్ధతి. టాగర్ట్ పేరు అందరికీ తెలుసు. సంకోచాన్ని మైక్రాన్లలో కొలిచినవారి పేర్లు మాత్రం పాఠ్యపుస్తకాల అడుగున చిన్న అక్షరాల్లో మిగిలాయి. తొడుగు ఇవాళ సరిగ్గా కూర్చుంటోందంటే అది ఎక్కువగా వారి చలవే.

పన్ను నుంచి రాతి పన్ను

బంగారు తొడుగు పంటిని తక్కువగా చెక్కనిస్తుంది. నమిలే ఉపరితలం మీద ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు, పక్కన అంచు దగ్గర అర మిల్లీమీటరు లోపు తీస్తే చాలు. పలుచటి అంచులోనూ లోహం విరగదు. పింగాణీ పొరను మోయాల్సిన తొడుగులకు ఇంతకంటే ఎక్కువ పన్ను పోతుంది. ఒకసారి చెక్కిన ఎనామెల్ తిరిగి పెరగదు కాబట్టి ఈ తేడా రోగికి జీవితాంతం లెక్కలోకి వస్తుంది.

చెక్కిన పంటికి సాగే రబ్బరు పదార్థంతో ముద్ర తీస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది సిలికోన్. అది గట్టిపడేటప్పుడు కుంచించుకునేది వెయ్యింట ఒకటి రెండు వంతులే. చిగురును దారంతో పక్కకు నెట్టి, రక్తం, ఉమ్మి లేకుండా ఆరబెట్టి తీయాలి. అంచు ముద్రలో పడకపోతే తర్వాత ఎంత నిపుణుడైనా దాన్ని ఊహించి కల్పించాల్సిందే. తొడుగుల వైఫల్యాల్లో చాలావాటికి మూలం కొలిమిలో కాక ఈ కొద్ది నిమిషాల్లోనే ఉంటుంది.

ముద్రలో గట్టి జిప్సం రాయిని కలిపి పోస్తే పంటి ప్రతిరూపం వస్తుంది. దీన్ని డై అంటారు. ముద్ర కుంచించుకుంటే ఈ రాయి కొద్దిగా వ్యాకోచిస్తుంది. మామూలు రకం 0.1 శాతం వరకు, కావాలనే ఎక్కువ ఉబ్బేలా తయారైన మరో రకం 0.3 శాతం వరకు. సర్దుబాటు ఇక్కడి నుంచే మొదలైంది. డై మీద, అంచుకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దూరం వదిలి, 20 నుంచి 40 మైక్రాన్ల మందాన రంగు పూస్తారు. రేపు సిమెంటుకు చోటు కావాలి కాబట్టి ఈ పూత. చోటు లేకపోతే చిక్కబడుతున్న సిమెంటు బయటికి పోలేక తొడుగును పైకి ఎత్తేస్తుంది. అంచు గీతను ఎర్ర పెన్సిలుతో గీస్తారు. మామూలు నల్ల పెన్సిలులోని గ్రాఫైట్ మైనానికి అంటుకుని అచ్చులోకి చేరితే, అది తగిలిన చోట కరిగిన బంగారం పారడానికి మొరాయిస్తుంది.

మైనం

పారఫిన్, కార్నౌబా అనే చెట్టు మైనం, కొన్ని జిగురు పదార్థాలు కలిపిన ఈ మైనం చూడటానికి సాధువు. దంతవైద్యంలో వాడే పదార్థాల్లో వేడికి ఇంతగా స్పందించేది మరొకటి లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే దాని కొలత సుమారు 0.35 శాతం మారుతుంది. బంగారం మొత్తం సంకోచంలో అది నాలుగో వంతు! కిటికీ పక్కన ఎండలో పెట్టిన మైనపు తొడుగు, చల్లటి బల్ల మీద ఉన్న మైనపు తొడుగు ఒకే కొలతవి కావు.

అంతకన్నా పెద్ద చిక్కు దానిలోని ఒత్తిళ్లు. వేడి మైనాన్ని చుక్కలుగా పేర్చి, చెక్కి, నొక్కి ఆకారం ఇస్తారు. ప్రతి చుక్కా చల్లారుతూ పక్కదాన్ని లాగుతుంది. డై మీద ఉన్నంతసేపు రాయి ఆ లాగుడును నిలువరిస్తుంది. తీసిన క్షణం నుంచి మైనం తన పాత స్థితి వైపు నెమ్మదిగా వంగడం మొదలుపెడుతుంది. అందుకే మైనపు పని ముగిసీ ముగియగానే, వాయిదా వేయకుండా, అచ్చులో పొదగాలి. రాత్రికి వదిలేసి పొద్దున్నే చూద్దామనుకుంటే పొద్దున్నే అంచు తెరుచుకుని కనిపిస్తుంది. డై నుంచి తీసే ముందు అంచు చుట్టూ మైనాన్ని మరోసారి కరిగించి రాతికి గట్టిగా అద్దడం కూడా అనుభవం నేర్పిన జాగ్రత్తే.

పళ్లెక్కడ కలుస్తాయో, ఆహారం ఏ గాడి గుండా జారుతుందో, పక్క పన్ను ఎక్కడ తగలాలో అన్నీ ఈ మైనంలోనే నిర్ణయమవుతాయి. లోహంగా మారాక సవరించేది ఏ కొంచెమో. కాబట్టి తొడుగును తయారుచేసేది పోత అనుకుంటే పొరపాటు. మైనంతో మలిచిన చేయి చేసిన తొడుగును పోత లోహంలోకి మారుస్తుంది, అంతే.

తొడుగులో బాగా మందంగా ఉన్న మొన దగ్గర సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మందమున్న మైనపు కడ్డీని ఏటవాలుగా అతుకుతారు. మైనం పోయాక అదే కరిగిన లోహానికి దారి. ఈ దారి తొడుగు కంటే ముందు గడ్డకట్టకూడదు. తొడుగు చివరగా గట్టిపడితే, కుంచించుకునేటప్పుడు లోటును పూడ్చడానికి ద్రవ లోహం అందక లోపల గుల్లలు ఏర్పడతాయి. ఎంత లోహం తూయాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. కడ్డీతో సహా మైనాన్ని తూచి లోహ సాంద్రతతో గుణిస్తే చాలు, ఎందుకంటే మైనం సాంద్రత ఇంచుమించు నీటిదే.

అచ్చు చేసే లెక్క

మైనాన్ని పొదిగే పొడిని ప్రయోగశాలల్లో ఇన్వెస్ట్‌మెంట్ అంటారు. మొత్తం కథలో తెలివంతా ఈ పొడిలోనే ఉంది. అందులో జిప్సం మూడో వంతు, మిగతాది చాలావరకు సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం. జిప్సం బంధించి పట్టి ఉంచుతుంది, సిలికా వ్యాకోచిస్తుంది. జిప్సం ఒక్కటే అయితే వేడికి కుంచించుకుని పగిలిపోతుంది.

వ్యాకోచం మూడు దశల్లో వస్తుంది. పొడి నీటితో కలిసి గట్టిపడేటప్పుడు పెరిగే స్ఫటికాలు ఒకదాన్నొకటి తోసుకుని అచ్చును అర శాతం వరకు ఉబ్బిస్తాయి. గట్టిపడుతున్న అచ్చును గోరువెచ్చని నీటిలో ముంచితే స్ఫటికాలకు ఎదగడానికి స్వేచ్ఛ దొరికి ఆ ఉబ్బు రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. కార్ల్ షూ పట్టుకున్నది దీన్నే. మూడోది కొలిమిలో. సిలికా స్ఫటికాలు కొన్ని ఉష్ణోగ్రతల దగ్గర ఉన్నట్టుండి రూపం మార్చుకుని పెద్దవవుతాయి. క్రిస్టోబలైట్ అనే రకం 200 నుంచి 270 డిగ్రీల సెల్సియస్ మధ్య, క్వార్ట్జ్ అనే రకం 573 డిగ్రీల దగ్గర. ఈ మార్పు క్రమంగా జరిగేది కాదు, గెంతు లాంటిది. అందుకే కొలిమి వేడిని ఆ దశల్లో నింపాదిగా పెంచాలి. తొందరపడితే అచ్చు పగులుతుంది. పగుళ్లలోకి బంగారం పారి, తొడుగుకు పలుచటి రెక్కలు మొలుస్తాయి.

ఈ మూడింటినీ ఎలా కలుపుకోవాలన్నది ప్రయోగశాల ఇష్టం. నీటి తొట్టి వ్యాకోచం మీద ఆధారపడేవారు కొలిమిని 500 డిగ్రీల దగ్గర ఆపుతారు. వేడి వ్యాకోచాన్ని నమ్ముకునేవారు 650 నుంచి 700 దాకా తీసుకెళ్తారు. దారి ఏదైనా చివరికి రావాల్సిన మొత్తం లోహ సంకోచానికి సరితూగాలి. దాన్ని సన్నగా సర్దుకోవడానికి ఉన్న మీట, కలిపే నీటి పాళ్లు. పొడిలో నీరు తగ్గితే స్ఫటికాలు దగ్గరై వ్యాకోచం పెరుగుతుంది, తొడుగు వదులవుతుంది. నీరు పెరిగితే బిగుస్తుంది. వంద గ్రాముల పొడికి ఒకటి రెండు మిల్లీలీటర్ల నీటి తేడా చేతికి తెలిసిపోతుంది. కంటి అంచనాతో నీళ్లు పోసే ప్రయోగశాల నుంచి ఇవాళ బిగుతుగా, రేపు వదులుగా తొడుగులు రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ మరో మెలిక ఉంది. పంటి గుంతలోకి దిగే బంగారు పూరకానికి, పంటిని చుట్టే తొడుగుకు ఒకే వ్యాకోచం పనికిరాదు. అచ్చు కాస్త ఎక్కువ ఉబ్బితే తొడుగు వదులై సులువుగా దిగుతుంది. పూరకం మాత్రం పెద్దదై గుంతలోకి దిగనంటుంది. ఒకే కొలిమిలో ఒకే రోజు రెండూ పోసే టెక్నీషియన్ రెండింటికీ నీటి పాళ్లు మార్చుకోవాలి.

మైనం మీద గాలి బుడగ అంటుకుంటే దాని చోట బంగారు పొక్కు వస్తుంది. అందుకే పొడిని శూన్యంలో కలిపి, మైనానికి తడిని అంటించే ద్రావకం పూసి, ముందుగా కుంచెతో అద్ది తర్వాత లోహపు వలయంలో పోస్తారు. వలయం లోపలి గోడకు మెత్తటి పట్టీ వేస్తారు, ఉక్కు బిగింపు వ్యాకోచాన్ని అడ్డుకోకుండా. ఒకప్పుడు ఆ పట్టీ ఆస్బెస్టాస్‌తో చేసేవారు. ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం తెలిశాక కాగితపు నార, సిరామిక్ నార వచ్చాయి. సిలికా ధూళి ప్రమాదం మాత్రం అలాగే ఉంది. అచ్చు పగలగొట్టేటప్పుడు, పొడి కలిపేటప్పుడు లేచే సన్నటి ధూళిని ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. రోగి నోటిలో పెట్టేదాని భద్రత గురించి నియమాలు ఎన్నో ఉన్నాయి. దాన్ని తయారుచేసేవారి ఊపిరి గురించి కూడా అంతే పట్టుదల ఉండి తీరాలి. ముక్కుకు తగిన మాస్కు, ధూళిని లాగే యంత్రం ఈ గదిలో అలంకారాలు కావు.

కొలిమిలో మైనం కరిగి, కాలి, మసి కూడా మిగలకుండా పోవాలి. మిగిలిన మసి సూక్ష్మ రంధ్రాలను మూసేస్తుంది, లోపలి గాలి బయటికి పోలేదు, అంచులు నిండకుండా గుండ్రంగా ఆగిపోతాయి. అలాగని వేడిని 700 డిగ్రీలు దాటించకూడదు. జిప్సం విరిగి గంధకపు వాయువులు వెలువడతాయి. అవి తగిలిన పోత నల్లబారి పెళుసెక్కుతుంది.

ఏ బంగారం

మేలిమి బంగారం ఈ పనికి మెత్తన. నమిలే ఒత్తిడికి అది సాగి అరిగిపోతుంది. దంతాల పోత బంగారాన్ని మెత్తని దాని నుంచి అతి గట్టి దాని దాకా నాలుగు రకాలుగా విభజించారు. తొడుగులకు సాధారణంగా వాడేది మూడో రకం. సంప్రదాయ మిశ్రమాల్లో బంగారం నూటికి 70 నుంచి 75 వంతులుంటుంది. రాగి గట్టితనాన్నీ ఎరుపునూ ఇస్తుంది. వెండి ఆ ఎరుపును కాస్త తగ్గిస్తుంది. పల్లాడియం వెండి నల్లబడకుండా కాపాడుతుంది, రంగును తెల్లబరుస్తుంది. ఒక వంతుకు మించని జింక్, కరిగే వేళ ఆక్సిజన్‌ను తాను పట్టుకుని మిగతా లోహాలను కాపాడుతుంది. పదివేలలో ఒక వంతు పాళ్లలో కలిపే ఇరిడియం లోహపు రేణువులను సన్నగా ఉంచుతుంది.

ఈ మిశ్రమాలు దాదాపు 900 నుంచి 1000 డిగ్రీల మధ్య కరుగుతాయి. జిప్సం అచ్చు తట్టుకోగల హద్దుల్లోనే పని జరిగిపోతుంది. నికెల్–క్రోమియం లోహాలకు 1300 డిగ్రీలు దాటాలి, సంకోచం 2 శాతానికి మించుతుంది, ఫాస్ఫేట్‌తో బంధించిన మరో రకం అచ్చు కావాలి, అంచు రుద్దితే వంగదు. కొందరికి నికెల్ పడదు కూడా. బంగారానికి ఇంకో సుగుణం దాని బరువు. మూడో రకం సాంద్రత నీటికి పదిహేను రెట్లు. గిరగిరా తిరిగే పోత యంత్రంలో ఆ బరువే దాన్ని సన్నటి అంచుల్లోకి తోస్తుంది.

పోత

పోత పోయడం నిజానికి క్షణాల పని. సిరామిక్ మూసలో లోహాన్ని వాయు జ్వాలతో కరిగిస్తారు. జ్వాలలో లోపలి శంకువుకు ఆనుకుని ఉండే లేత నీలి భాగాన్నే లోహానికి తగిలించాలి. మిగతా చోట్ల ఆక్సిజన్ ఎక్కువై రాగి మాడుతుంది. చిటికెడు వెలిగారం వేస్తే తుక్కు తేరుకుంటుంది. లోహం ఒక్క ముద్దగా చేరి, అద్దంలా మెరిసి, మూసను కదిపితే అటూ ఇటూ జారాలి. ఈ ఘడియ కోసమే అచ్చు కొలిమిలో కాచుకుని ఉంటుంది. బయటికి తీయగానే అది చల్లారి కుంచించుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి, ఒక్క నిమిషంలోపు యంత్రంలో బిగించి మీట వదలాలి. బిగించిన స్ప్రింగు విడివడి చేయి తిరుగుతుంది, లోహం కాలువ గుండా దూసుకుపోయి అచ్చును నింపి గట్టిపడుతుంది. దారి చివర మిగిలే బంగారు ముద్దను మళ్లీ వాడుకోవచ్చు. అయితే ప్రతి కరుగుదలలో జింక్ కొంత ఆవిరవుతుంది కాబట్టి కనీసం సగం కొత్త లోహం కలపాలి.

ముద్ద మీద ఎర్రటి కాక తగ్గగానే వలయాన్ని నీటిలో ముంచుతారు. అచ్చు బుసబుసమంటూ విడిపోతుంది, బంగారం మెత్తని స్థితిలో నిలుస్తుంది, అంచు రుద్దడానికి అనువుగా. నింపాదిగా చల్లారనిస్తే బంగారం, రాగి పరమాణువులు వరుసలు కట్టి లోహం గట్టిపడుతుంది. అవసరాన్ని బట్టి రెండు స్థితులనూ వాడుకోవచ్చు. నల్లటి ఆక్సైడ్ పొరను వేడి ఆమ్లంలో తీస్తారు. ఆమ్లంలో ఉక్కు పటకారు పెట్టకూడదు. ద్రావణంలో కరిగిన రాగి వచ్చి బంగారం మీద పూతలా పట్టేస్తుంది.

ఇక తొడుగు లోపలి వైపును భూతద్దం కింద చూడటం. మెరుగు పెట్టడం కన్నా ఇది ముఖ్యం. కంటికి ఆనని ఒక్క పొక్కు చాలు, తొడుగును వంద మైక్రాన్లు ఎత్తి పెట్టడానికి. దాన్ని సన్నటి బర్రుతో, అంటే గిరగిరా తిరిగే కోత మొనతో తీయాలి. బలవంతంగా డై మీదికి నొక్కితే రాయి అరిగి అంతా సరిపోయినట్టు కనిపిస్తుంది, మోసం నోటిలో బయటపడుతుంది. పొక్కులు తీశాకే కడ్డీని కోసి, రబ్బరు చక్రాలతో, తర్వాత మెత్తటి పాలిష్ పొడులతో మెరుగు పెడతారు. అంచు మందం తగ్గకుండా చివరి మిల్లీమీటరును ముట్టుకోనట్టే పోవాలి. నోటిలో అతికించే సిమెంటు పొర 25 మైక్రాన్లకు మించి మందం కాకూడదన్నది ప్రమాణం. తొడుగుకూ పంటికీ మధ్య ఉండాల్సింది ఆ పొర ఒక్కటే.

ఇంత చేసి ఎందుకు తగ్గిపోయింది

1962 నాటికి పింగాణీని లోహానికి అంటించే మిశ్రమాలకు పేటెంట్లు వచ్చాయి. పంటి రంగులో తొడుగు దొరుకుతుంటే ముందు పళ్లకు బంగారం ఎవరికి కావాలి? 1971లో డాలరుకూ బంగారానికీ ఉన్న స్థిర బంధం తెగి, ఆ దశాబ్దంలో ధర ఎగబాకడంతో పల్లాడియం, నికెల్ మిశ్రమాలు ప్రయోగశాలల్లోకి దూసుకొచ్చాయి. ఆ తర్వాత కంప్యూటరుతో గీసి యంత్రంతో కోసే జిర్కోనియా అనే తెల్లటి సిరామిక్ వచ్చింది. ఈ మార్పులో రోగి కోరికా, ఖర్చూ నిజమైన కారణాలు. వాటిని తప్పుపట్టడానికేమీ లేదు. తప్పుపట్టాల్సింది, బంగారం పాతబడింది కాబట్టే పక్కకు తప్పుకుందన్న అభిప్రాయాన్ని.

జిర్కోనియా బలమైనది. పంటి ఎనామెల్ కన్నా అది మూడు రెట్లకు పైగా కఠినం కాబట్టి, దాని ఉపరితలం గరుకుగా వదిలేస్తే ఎదుటి పంటిని అరగదీస్తుంది. మూడో రకం బంగారం ఎనామెల్ కంటే మెత్తన, ఎదుటి పంటిని నొప్పించకుండా దానితో పాటే నెమ్మదిగా అరుగుతుంది. నిద్రలో పళ్లు కొరికేవారికి, వెనకాల పొట్టిగా ఉండి తొడుగుకు చోటు చాలని రెండో దవడ పంటికి, అంచు లోతుగా దిగిన పంటికి బంగారం నేటికీ మెరుగైన ఎంపిక. అక్కడ నవ్వినా అది కనిపించదు. రంగు ఒక్కదాన్ని చూసి దాన్ని ముందే కొట్టివేయకుండా, వైద్యుడు కనీసం రోగి ముందు ఆ మాట ఉంచాలి.

యంత్రాలు వచ్చాక కూడా పోత పోలేదు. ఇప్పుడు చాలా చోట్ల మైనపు తొడుగును చేత్తో మలచకుండా, స్కానర్ కొలతలతో త్రీడీ ప్రింటర్ మీద రెసిన్ నమూనా తీస్తున్నారు. అక్కడి నుంచి మిగతాదంతా పాత దారే, వలయం, పొడి, కొలిమి, మూస. అయితే రెసిన్ మైనంలా ముందే కరిగి కారిపోదు. వేడికి ఉబ్బి లోపలి నుంచి అచ్చును నెడుతుంది, కాలిపోవడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది. మైనానికి సరిపోయిన కొలిమి క్రమాన్నే దానికీ వాడితే అచ్చు చీలుతుంది. అందుకని దానికి ప్రత్యేకమైన పొడులు, నిదానంగా పెరిగే వేడి క్రమాలు వచ్చాయి. ప్రింటరు పొరలు అంచు దగ్గర మెట్లు మెట్లుగా మిగులుతాయి కాబట్టి, జాగ్రత్తపడే టెక్నీషియన్లు ఆ నమూనాను డై మీద కూర్చోబెట్టి, చివరి మిల్లీమీటరును మైనంతో చేత్తోనే మళ్లీ కరిగించి అద్దుతున్నారు.